పిల్లలతో పట్నమునకు: వలసపోవు కుటుంబముల బడి చదువు, పంచాయతీ సభ్యుల కర్తవ్యము

గ్రామమునందు తాళము పడిన ఇండ్లను లెక్కించుట పంచాయతీ సభ్యులకు క్రొత్త పని కాదు. ఇంటి పన్ను వసూలుకు బయలుదేరిన నాడు ఏ వీథిలో ఎన్ని తలుపులు మూసియున్నవో తెలియనే తెలియును. వోటర్ల జాబితా సవరించునప్పుడు ఎవరు ఎచ్చటికి పోయిరో విచారింపక తప్పదు. కాని ఆ తలుపుల వెనుకనుండి వెడలిపోయిన పిల్లలెందరు, వారిలో 1వ తరగతి మొదలు 5వ తరగతి వరకు చదువుచుండినవారెందరు, వారు నేడు ఏ బడిలో కూర్చున్నారు అను ప్రశ్నలకు సమాధానము వ్రాసిపెట్టిన పుస్తకము మేము తిరిగిన గ్రామములలో మిక్కిలి అరుదుగా కనిపించినది. ఈ పాఠము ఆ పుస్తకమును గూర్చియే.

పట్నమనిన పాలమూరు, నల్లగొండ ప్రాంతములవారికి హైదరాబాదు. నెల్లూరు, చిత్తూరు సీమల పెద్దలకు అది చెన్నపట్నము. అనంతపురము జిల్లావారు పని వెదకికొని బెంగుళూరు పోవుదురు. మన పద్మశాలీలు షోలాపూరు, భీవండి, సూరతు మగ్గముల దగ్గరకు తరములుగా పోవుచునే యున్నారు. వలస మనకు క్రొత్త కాదు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశమంతట తిరిగి ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. ఆ కాలమున చాల ఇండ్లలో పనిచేయగలవారు పోయెడివారు, పిల్లలు అవ్వ తాతల దగ్గర నిలిచెడివారు. ఇప్పటి తీరు కొంత మారినది. కట్టుచున్న అపార్టుమెంటుకు కాపలా ఉండవలెననిన, ఆలుమగలు ఇద్దరును ఉన్న కుటుంబమునే యజమానులు కోరుచున్నారు. మగవాడు కాపలా కాయును, గోడలకు నీళ్ళు కొట్టును. ఆడది చుట్టుప్రక్కల ఇండ్లలో పని చేయును. కనుక కుండ, చాప, పొయ్యిలతోబాటు పిల్లలను కూడ బస్సెక్కింతురు. ఇట్లు ఎక్కిన బడియీడు పిల్లల సంగతి ఎవరికి పట్టవలెను?

మూడేండ్ల క్రిందట నారాయణపేట జిల్లాలోని ఒక గ్రామమునుండి ఒక కుటుంబము ఇట్లే బయలుదేరినది. పత్తి రెండవ తీత ముగిసిన తరువాత, కార్తిక మాసములో పోయిరి. తండ్రి, తల్లి, 4వ తరగతి చదువు బాలిక, 2వ తరగతి చదువు బాలుడు, చంకలో ఏడాది నిండని బిడ్డ. నార్సింగి వైపున కట్టుచున్న ఒక భవనమునకు కాపలా దొరికినది. సెల్లారులో రేకులతో అడ్డము కట్టిన గది వారికి నివాసము. బడిలో చెప్పి పోయితిరా అని తరువాత మేమడుగగా ఆ తండ్రి చెప్పిన మాట ఇది: "మల్ల ఉగాదికి వస్తం గద సారూ, పేరెందుకు తీపియ్యాలె అనుకున్న."

నగరమునకు పోయిన పది దినములకు అతడు పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని దగ్గరనున్న ప్రభుత్వ పాఠశాలకు పోయెను. రికార్డు షీటు ఏదని అడిగిరి. లేదనెను. తెచ్చి చేర్పింపుమనిరి. ఊరికి వచ్చి పోవుటయనిన రెండు దినముల కూలి, బస్సు ఖర్చు, కాపలా విడిచి వచ్చినందుకు యజమాని కోపము. రేపు పోవుదము, ఎల్లుండి పోవుదమనుచు సంక్రాంతి దాటినది. తల్లి పనికి పోవుచుండుటచే బాలిక పసిబిడ్డను ఎత్తుకొనుటకు కుదురుకొన్నది. బాలుడు ఇసుక కుప్పమీద ఆడుకొనుచుండెను. ఇక్కడ గ్రామములోని బడి హాజరుపట్టీలో వారి పేర్లు అట్లే యున్నవి, పిల్లలు లేరు. అక్కడ నగరములో పిల్లలున్నారు, ఏ పట్టీలోను పేర్లు లేవు. ఇట్లు నాలుగు నెలలు గడచినవి.

ఈ ముడి విప్పినది ఒక వార్డు సభ్యురాలు. పింఛను పంచిన దినమున బాలిక నాయనమ్మ కనబడగా, "పిల్లలు ఏ బడికి పోతున్నరవ్వా?" అని అడిగినది. "బడేడిది బిడ్డా, పోరి చిన్నదాన్ని ఎత్తుకుంటున్నది" అని ముసలమ్మ చెప్పినది. సభ్యురాలు ఆ సాయంకాలమే ప్రధానోపాధ్యాయుని యింటికి పోయి, మరునాడు ఇద్దరి రికార్డు షీటులు వ్రాయించి, వాని ఫొటోలు తండ్రి ఫోనుకు పంపినది. పిల్లలు చేరిరి. ఖర్చు ఒక్క పైసయు కాలేదు. కాని ఆ బాలిక 4వ తరగతిలో నేర్వవలసిన భాగహారము నేర్వకయే 5వ తరగతిలో కూర్చున్నది. ఆ లోటు పూడ్చుటకు ఆ యుపాధ్యాయిని ఏడాది శ్రమపడినదని వింటిమి.

ఈ సందర్భమున చట్టమేమి చెప్పుచున్నదో సభ్యులు తెలిసికొనవలెను. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 5వ సెక్షను బడి మారు పిల్లలను గూర్చినది. ఏ కారణముచేతనైనను, రాష్ట్రములోపల గాని రాష్ట్రము వెలుపల గాని, బిడ్డ ఒక బడినుండి మరియొక బడికి మారవలసివచ్చినచో, ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులలోనికిని ప్రభుత్వ సాయము పొందు బడులలోనికిని బదిలీ కోరు హక్కు ఆ బిడ్డకు గలదు. పాత బడి ప్రధానోపాధ్యాయుడు బదిలీ పత్రమును వెంటనే ఇయ్యవలెను. ఆలసించినచో క్రమశిక్షణ చర్యకు పాత్రుడగును. అన్నిటికంటె ముఖ్యమైన మాట వేరొకటున్నది: బదిలీ పత్రము రాలేదను కారణముచేత క్రొత్త బడివారు ప్రవేశమును ఆపరాదు, ఆలస్యము చేయరాదు. పైన చెప్పిన తండ్రికి ఈ ఒక్క వాక్యము తెలిసియుండినచో నాలుగు నెలలు మిగిలియుండెడివి. ఆ బడివారికి తెలియదా యని మీరడుగవచ్చును. తెలియకపోవచ్చును, తెలిసియు ఏడాది నడుమ క్రొత్త పేరు వ్రాయుటకు వెనుకాడియుండవచ్చును. అందుచేతనే పత్రము చేతనుండుట మేలని మేము చెప్పుచున్నాము. హక్కు ఎంత గట్టిదైనను, సెల్లారులో కాపురముండు మనిషి బల్ల ముందు నిలిచి వాదింపలేడు.

అదే చట్టము 14వ సెక్షనులో వయస్సు ఋజువు లేదను కారణముచేత ఏ బిడ్డను త్రిప్పిపంపరాదని యున్నది. ఏడాది నడుమ వచ్చిన బిడ్డకు సైతము ప్రవేశము నిరాకరింపరాదని 15వ సెక్షను చెప్పుచున్నది. బడి మానియుండిన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చి, తక్కినవారితో సమానముగా నిలుచుటకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని 4వ సెక్షను. తొమ్మిదేండ్ల పిల్లను 1వ తరగతిలో కూర్చుండబెట్టుట న్యాయము కాదు. ఇక 9వ సెక్షను స్థానిక సంస్థలను గూర్చినది. పంచాయతీ స్థానిక సంస్థయే. తన పరిధిలోని 14 ఏండ్లలోపు పిల్లల వివరములను వ్రాసియుంచుటయు, వలస కుటుంబముల పిల్లలకు ప్రవేశము కల్పించుటయు ఆ సెక్షనునందు స్పష్టముగా చెప్పబడిన విధులు. ఇది బడిపంతులు పని, మనకేమి యని సభ్యులలో కొందరనుట మేము వినియున్నాము. చట్టమట్లనుట లేదు.

పోవు కుటుంబము చేతిలో ఏ కాగితములుండవలెననునది పిమ్మటి ప్రశ్న. మొదటిది రికార్డు షీటు. ప్రాథమిక పాఠశాలలలో బదిలీ పత్రముగా నడచునది ఇదియే. రెండవది, బడుల వివరములు చేర్చు యుడైస్ లెక్కలలో బిడ్డకు ఇయ్యబడిన శాశ్వత విద్యాసంఖ్య. దీనినే బడులలో పెన్ నంబరందురు. 2022-23 విద్యాసంవత్సరము మొదలు ప్రతి విద్యార్థి వివరములును ఈ లెక్కలలో విడివిడిగా ఎక్కుచున్నవి. బిడ్డ బడి విడిచినప్పుడు పాత బడివారు కంప్యూటరులో ఆ పేరును వదలవలెను, క్రొత్త బడివారు ఆ సంఖ్యతో దానిని అందుకొనవలెను. పాతవారు వదలనిచో క్రొత్తవారికి అది చిక్కదు. "మీ ఊరి బడివారు వదలలేదు" అను మాట నగరములో తలిదండ్రులకు వినబడుట ఇందుచేతనే. ఒక విషయము ఇక్కడ విడదీసి చూడవలెను. బిడ్డను తరగతిలో కూర్చుండబెట్టుట వేరు, పేరును కంప్యూటరునందు ఎక్కించుట వేరు. రెండవది ఆలస్యమైనను మొదటిది ఆగరాదు. అయినను ఒక ఫోనుతో తీరు చిక్కును సభ్యులు మిగుల్చరాదు.

జనన ధ్రువపత్రము సంగతి పూర్తిగా మన పంచాయతీ కార్యాలయపు గడపలోనిదే. 2023లో జనన మరణ నమోదు చట్టమును సవరించి, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేది మొదలు పుట్టిన పిల్లలకు బడి ప్రవేశము మున్నగు పనులన్నిటికిని పుట్టుక ఋజువుగా ఈ పత్రమునే ప్రమాణముగా చేసిరి. ఆ పిల్లలు కొలది యేండ్లలో బడికి వత్తురు. మన గ్రామములలో తరచుగా కనబడు లోపమొకటున్నది: పత్రముండును, అందు బిడ్డ పేరుండదు. ఆసుపత్రిలో పుట్టిననాడు నమోదు జరిగినది, అప్పటికి పేరు పెట్టలేదు, తరువాత ఎవరును వ్రాయింపలేదు. నమోదైన 12 నెలలలోగా పేరును రుసుము లేకుండ చేర్పించుకొనవచ్చును. ఆ గడువు దాటినను 15 ఏండ్ల వరకు కొలది రుసుముతో అవకాశము గలదు. వలసకు ముందు సాయంకాలము ఈ పని కాదు. పంచాయతీ కార్యదర్శి ఏడాదికొకమారు పుస్తకము తిరుగవేసి పేరు లేనివారి యిండ్లకు కబురంపినచో తీరిపోవును. పుట్టుక నమోదే లేని బిడ్డ ఉన్నయెడల, ఏడాది దాటిన కేసులకు మెజిస్ట్రేటు ఉత్తరువు కావలసియుండును గనుక, ఆ పని మరింత ముందుగా మొదలుపెట్టవలెను.

ఆధారు కార్డు గూర్చి ఒక్క మాట. ఐదేండ్లలోపు తీసిన కార్డునందు వేలిముద్రలుండవు. ఐదు నిండిన తరువాత ముద్రలు ఇయ్యవలెను, మరల 15వ యేట ఇయ్యవలెను. ఇక టీకాల కార్డు. ఐదారేండ్ల ప్రాయమున వేయు డి.పి.టి. రెండవ బూస్టరు, పదవయేట వేయు టి.డి. టీకా ఇవి రెండును బడియీడులోనే వచ్చును. ఊరు మారు గందరగోళములో తప్పిపోవునవియు ఇవియే. ఆశా కార్యకర్తను అడిగి కార్డు నింపించి పంపవలెను.

రేషను సంగతి బడితో సంబంధము లేనిదిగా తోచును గాని, ఉన్నది. నగరములో బియ్యము కొనవలసివచ్చుననియే చాలమంది పిల్లలలో ఒకరిద్దరిని ఊరనుంచి, ఒకరిద్దరిని వెంట తీసికొనిపోవుదురు. ఒక దేశము, ఒక రేషను కార్డు ఏర్పాటు 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నడుమ మొదలై, 2022 నాటికి దేశమంతట వ్యాపించినది. ఊరి కార్డుతో హైదరాబాదులోని చౌకధరల దుకాణమున బియ్యము తీసికొనవచ్చును. తాత అవ్వలు తమ భాగమును ఊరిలోను, తక్కినవారు తమ భాగమును నగరములోను పుచ్చుకొనుటకు సైతము వీలున్నది. పొరుగు రాష్ట్రములో మాత్రము కేంద్రము ఇచ్చు బియ్యమే దొరకును, మన రాష్ట్రము అదనముగా ఇచ్చునది దొరకదు.

ఎప్పుడు పోవలెననునది కుటుంబము చేతిలో అంతగా లేని విషయము. పని ఎప్పుడు దొరికిన అప్పుడు పోవుదురు. అయినను ఒకటి రెండు నెలలు ముందు వెనుకలు చేసికొనగలవారికి వేసవియే తగిన కాలము. ఏప్రిల్ చివర పరీక్షలు ముగిసి, జూన్ రెండవ వారమున బడులు తెరచుకొనులోపల మారిన బిడ్డకు మొదటి దినముననే క్రొత్త పుస్తకములు, క్రొత్త బట్టలు అందరితో పాటు అందును. నడుమ పోయిన బిడ్డకు పుస్తకములు దొరకకపోవచ్చును. అందుచేత రాష్ట్రములోపలనే మారువారు తమ పాఠ్యపుస్తకములను సంచిలో పెట్టుకొని పోవలెను. ఊరి బడిలోని పుస్తకమే నగరపు ప్రభుత్వ బడిలోను ఉండును. ఇది చిన్న మాటవలె కనబడును గాని, పుస్తకములను అటుకమీద పెట్టి పోయినవారిని మేము చాలమందిని చూచితిమి.

వెంట తీసికొనిపోవలెనా, ఊరిలో విడిచిపోవలెనా అను ప్రశ్నకు అందరికి సరిపడు సమాధానము లేదు. నాలుగైదు నెలలకు మాత్రము పోవు పత్తి, మిరప, చెరకు పనుల కుటుంబములకు, అవ్వకు ఓపిక యున్నయెడల, పిల్లలు ఊరనే యుండి అదే బడికి పోవుట మేలు. వలస మిక్కుటముగా గల మండలములలో సమగ్ర శిక్ష క్రింద సీజనల్ హాస్టళ్ళు తెరచుట గలదు. పిల్లలు రాత్రి అచ్చట నుండి పగలు తమ బడికి పోవుదురు. హాస్టలు కావలెనన్నచో పోవు కుటుంబముల పిల్లల పేర్లు వలస మొదలగుటకు ముందే మండల విద్యాధికారికి చేరవలెను. పేర్లు లేని అర్జీకి బలముండదు. ఇక ఏడాదికి మించి కాపలా పనికి, ఇంటి పనికి పోవువారి సంగతి వేరు. ఏడెనిమిదేండ్ల లోపు బిడ్డను ఏండ్ల తరబడి తలిదండ్రులకు దూరముగా ఉంచుట మాకు సమ్మతము కాదు. అట్టివారు వెంట తీసికొని పోవుటయే తగునని మా అభిప్రాయము, అచ్చట బడిలో చేర్చుట నిశ్చయమైనచో.

నగరములో మొదటి వారమున జరుగవలసిన పనులను పోవువారికి సభ్యులు ముందే చెప్పి పంపవలెను. గది చూచుకొనునాడే బడి చూచుకొనవలెను. 1 నుండి 5 తరగతులకు సుమారు ఒక కిలోమీటరు లోపల బడి యుండవలెనని నియమము. కాని నగరములో కిలోమీటరు దూరము ఊరి కిలోమీటరు వంటిది కాదు. నడుమ నాలుగు వరుసల రోడ్డున్నచో ఏడేండ్ల బిడ్డ దాటలేడు. దాటు చోటు ఎక్కడ, వెంట పోవు పెద్దపిల్లలెవరు అని తల్లియే ఒకమారు నడచి చూడవలెను. కట్టుచున్న భవనముల దగ్గర మూతలేని నీళ్ళ సంపులు, లిఫ్టు గుంటలు ఉండును. బడికి పోని బిడ్డ పగలంతయు వాని చుట్టునే తిరుగును. బడి వలన చదువే కాదు, ప్రాణరక్షణ కూడ కలుగునని తల్లులకు చెప్పుడు, వెంటనే గ్రహింతురు.

రేకుల గదికి ఇంటి నంబరుండదు. బిడ్డ తప్పిపోయినచో ఏమి చెప్పవలెను? తండ్రి ఫోను నంబరును పాటవలె కంఠస్థము చేయించవలెను. దగ్గరనున్న గుర్తు నేర్పవలెను. మెహదీపట్నమునుండి ఆరాంఘరు వరకు గల పి.వి. నరసింహారావు వంతెన క్రింద నివసించువారు స్తంభముల సంఖ్యతోనే చిరునామా చెప్పుదురు. పెద్దలకే అది చిరునామా అయినప్పుడు పిల్లలకేల కారాదు? తప్పిపోయిన పిల్లలకైనను, పనిలో పెట్టబడిన పిల్లలకైనను సహాయము చేయు ఫోను సంఖ్య 1098. దానిని కూడ నేర్పవలెను.

చంటిబిడ్డ ఉన్న ఇంట పెద్ద ఆడపిల్ల బడి మానుట మొదట జరుగు పని. దీనికి మందు బడిలో లేదు, అంగన్‌వాడీలో నున్నది. మూడేండ్లు నిండిన బిడ్డను నగరములోని అంగన్‌వాడీలో చేర్చినచో పైబిడ్డకు చేతులు ఖాళీయగును. అంతకన్న చిన్నబిడ్డ యున్నచో చిక్కు ఎక్కువ. మేమెరిగిన రెండు మూడు కుటుంబములు ఒక చోటనే కాపలా సంపాదించి, తల్లులు వంతులవారీగా పసివారిని చూచుకొనుచున్నారు. ఒకే ఊరివారు ఒకే ప్రాంతమునకు పోవునట్లు మేస్త్రీకి చెప్పుట వలన కలుగు లాభములలో ఇదొకటి.

క్రొత్త బడిలో పిల్లల మనసు కుదురుట మాటను పెద్దలు చాల తేలికగా తీసికొందురు. ఊరి బడిలో అందరును చుట్టములే. నగర బడిలో యాస విని నవ్వుదురు. కొన్నాళ్ళు కడుపునొప్పియనియు తలనొప్పియనియు చెప్పి బడి మానుదురు. అది రోగము కాదు, బెంగ. తిట్టి కొట్టి పంపుటకంటె, మొదటి వారము తల్లి గాని తండ్రి గాని బడి గేటు వరకు పోయి, మధ్యాహ్న భోజనము వేళ ఎవరితో కూర్చుండి తినెనో సాయంకాలము అడుగుట మంచిది. తినునప్పుడు తోడు దొరికిన బిడ్డ మరునాడు తానే బయలుదేరును. బోధన భాష మరియొక చిక్కు. నేడు మన ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పుటలలోనున్న పుస్తకములు వచ్చినవి. కనుక తెలుగున చదువుకొన్న బిడ్డ ఒక్కమారుగా చీకటిలో పడడు. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు పుస్తకములు వేరు, పాఠముల వరుస వేరు. సరిహద్దు దాటి మారిన బిడ్డ ఒక పాఠమును రెండుమారులు చదువవచ్చును, ఒక పాఠమును అసలు చదువకపోవచ్చును. ఆ సంగతి ఉపాధ్యాయునికి చెప్పవలెను.

బెంగుళూరు పోవువారికి భాషయే మారును. 2015లో చేసిన చట్టముచే కర్ణాటకములోని బడులన్నిటిలో కన్నడము తప్పనిసరి. మహారాష్ట్రములో మరాఠీకి 2020లో ఇట్టి చట్టమే వచ్చినది. కన్నడమును చూచి తలిదండ్రులు భయపడుదురు గాని పిల్లలు భయపడవలసినంత లేదు. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు. గ, ద, న, బ, ర వంటి అక్షరములు దాదాపు మనవే. క, త, శ వంటివి నేర్చుకొనవలెను. తెలుగు అక్షరములు గట్టిగా వచ్చిన బిడ్డకు ఒక వేసవి చాలును. తెలుగే సరిగా రాని బిడ్డకు మాత్రము రెండును కలిసి చిక్కుపడును. బెంగుళూరు పోవు ముందు బిడ్డ తన పేరును, చిన్న వాక్యములను తెలుగున తప్పులేకుండ వ్రాయగలదా యని ఊరి పంతులుగారిచేత పరీక్షింపజేయుట మంచి పద్ధతి. అక్కడి బడులు మన బడులకంటె కొంచెము ముందుగా తెరచుకొనునని కూడ గుర్తుంచుకొనవలెను.

నగరములో అడుగుపెట్టగానే ప్రైవేటు బడి మీద మోజు కలుగుట సహజము. టై, బూట్లు చూచి నెల జీతములో సగము ఫీజుగా కట్టినవారు గలరు. రెండవ వాయిదా కట్టలేక ఏడాది నడుమ బిడ్డను మాన్పించుదురు. బకాయి తీర్చువరకు పత్రమీయమని బడివారందురు. మరల బిడ్డ ఏ పట్టీలోను లేనిదగును. ఆశపడుట తప్పు కాదు. కాపలా పని ఏ భవనముతో ముగియునో, తరువాతి పని నగరములో ఏ మూల దొరకునో తెలియని కుటుంబమునకు, ఎచ్చటికి పోయినను ఒకే పుస్తకము, ఒకే భోజనము, ఫీజు లేని బదిలీ గల ప్రభుత్వ బడియే అనువైనదని మేము తలచుచున్నాము.

ఇక ఆ పుస్తకము. ఒక సాధారణ రూళ్ళ పుస్తకము చాలును. బిడ్డ పేరు, తలిదండ్రుల పేర్లు, పుట్టిన తేది, తరగతి, శాశ్వత విద్యాసంఖ్య ఒక వైపున. బయలుదేరిన తేది, పోవు స్థలము, అచ్చటి గుర్తు, తల్లి ఫోను, తండ్రి ఫోను, మేస్త్రీ ఫోను మరియొక వైపున. క్రొత్త బడి పేరు, చేరిన తేది, తిరిగి వచ్చిన తేది అను మూడు గడులు ఖాళీగా విడువవలెను. ఆ ఖాళీలు నింపుటయే పని. పోయిన 15 దినములకు ఒకమారు, పండుగకు ఊరికి వచ్చినప్పుడు ఒకమారు అడుగవలెను. గడి నిండనిచో ప్రధానోపాధ్యాయుని ద్వారా మండల విద్యాధికారికి వ్రాసి, నగరములోని విద్యాశాఖవారికి తెలియజేయించవలెను. పాఠశాల యాజమాన్య సంఘములో తలిదండ్రులే ముప్పాతిక వంతు ఉందురు. ఎవరింట ప్రయాణము సిద్ధమగుచున్నదో వారికి ముందుగా తెలియును. ఈ పుస్తకమును వారిలో చదువు వచ్చిన ఒక తల్లి చేతికి ఇచ్చిన గ్రామములలో పని చక్కగా జరుగుచున్నది. కార్యదర్శి బల్ల సొరుగులో పెట్టినచోట అంతగా జరుగుట లేదు.

మన యూరికి వచ్చువారి పిల్లలకు కూడ ఈ చట్టమే వర్తించును. ఇటుక బట్టీలకు ఒడిశానుండి కుటుంబములు వచ్చుచున్నవి. మన పిల్లలు నార్సింగిలో నిలిచినట్లే వారి పిల్లలు మన బడి గేటు ముందు నిలుతురు. వారి భాష వేరు గనుక ఒడియా నేర్పు బడులను బట్టీల దగ్గర నడిపిన జిల్లాలు గలవు. పంచాయతీ చేయవలసినది వారి పేర్లను గూడ పుస్తకమున వ్రాసి, బడి వయస్సు పిల్లలెందరున్నారో మండల విద్యాధికారికి చెప్పుట.

తిరిగి వచ్చిన పిల్లల మాట మిగిలినది. ఉగాదికి వచ్చి, మరల పోక నిలిచిపోవు కుటుంబములుండును. నగర బడినుండి పత్రము తేకుండ వచ్చుట వీరికి అలవాటు. మన బడిలోను అదే చట్టము: పత్రము కొరకు ఆపరాదు, వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను. ఆ వేసవిలోనే, ఏమి వచ్చునో ఏమి రాదో పంతులుగారు చూచినచో, జూన్‌లో బడి తెరచునాటికి బిడ్డ కుదురుకొనును. మేము చెప్పిన బాలిక ఇప్పుడు పట్నములోనే, ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదువుచున్నది. తమ్ముడు 5వ తరగతికి వచ్చినాడు. ఆ గ్రామపు వార్డు సభ్యురాలు ఆ యేడే పుస్తకము మొదలుపెట్టినది. మేము మొన్న చూచునప్పటికి గడులన్నియు నిండియుండగా, ఒకటి మాత్రము ఖాళీగా నున్నది. ఆ కుటుంబము మేస్త్రీని మార్చినదట, పాత ఫోను పలుకుట లేదు. వారి చుట్టమొకడు మక్తల సంతకు వచ్చుననియు, అతనిని అడిగి చూచెదననియు ఆమె చెప్పినది.